చూపించారు గానీ వినిపించలేదు

(కోనసీమలోని ఒక డిగ్రీ కళాశాలలో మాస్ కమ్యూనికేషన్ మొదటి సంవత్సరం విద్యార్థులతో ఒక టీవీ రిపోర్టరు చేసిన ప్రసంగ పాఠం)

అందరికీ నమస్కారం. నా పరిచయం చదివేశారు కదా, అది చాలు. పిల్లలూ, ముందు ఒక పని చేద్దాం. అందరూ కళ్ళు మూసుకోండి. తలుపు దగ్గర నిలబడ్డవాళ్ళు కూడా. 40 సెకన్లు, అంతే. ఏమీ మాట్లాడకుండా వినండి.

(రికార్డింగు వినిపించారు)

ఎక్కడిదర్రా ఇది?

పంటు! అవును, మనుషుల్నీ బళ్ళనీ గోదావరి దాటించే పెద్ద పడవ. ఏ రేవు? సఖినేటిపల్లి అని కొందరు, నర్సాపురం అని కొందరు. రెండూ సరే, రెండు రేవుల ముక్కలూ కలిపి కత్తిరించి తెచ్చాను. ఎలా కనిపెట్టారు? ఇంజిను చప్పుడు చాలా పడవలకి ఉంటుంది. ఆ మూడో వరస అమ్మాయి ఏదో అంటోంది, గట్టిగా చెప్పమ్మా. "పలక రేవు మీద గీసుకున్న చప్పుడండి, ఆ వెంటనే బళ్ళన్నీ ఒకేసారి స్టార్టు చేశారండి." విన్నారా? నేను ఒక్క బొమ్మ కూడా చూపించలేదు. మీరంతా వసిష్ఠ గోదావరి పాయ దాటేశారు. అవతల ఒడ్డుకి చేరి బండి కూడా స్టార్టు చేసేశారు.

నేను ఈ రోజు మాట్లాడాలని వచ్చింది దీని గురించే. మీరు మీడియా చదువుకోడానికి చేరారు. ఇంట్లోవాళ్ళు కెమెరా కొనిపెట్టాలా అని అడిగే ఉంటారు. కెమెరా సంగతి తర్వాత చూద్దాం. ముందు చెవి.

మన డెల్టాని టీవీలో చూపిస్తూనే ఉంటారు. వరదొస్తే చూపిస్తారు. సంక్రాంతికి కోడిపందేలు చూపిస్తారు. పులస ధర ఎంత పలికిందో చూపిస్తారు. డ్రోన్ ఎగరేసి కొబ్బరి తోటలు పైనుంచి చూపిస్తారు. చూపించడానికి లోటు లేదు. కానీ ఆ బొమ్మల మీద వినిపించే గొంతు ఎవరిది? ఎక్కడో స్టూడియోలో కూర్చున్న వాయిస్ ఓవర్‌ది. నీళ్ళలో నిలబడ్డ మనిషి గొంతు వస్తే ఏడెనిమిది సెకన్ల బైట్, అంటే కత్తిరించిన మాట ముక్క. అదీ ఏడుస్తున్న ముక్క.

ఇలా ఎందుకవుతుందో నాకు బాగా తెలుసు. ఆ తప్పు నేనే చేశాను.

2006 ఆగస్టులో గోదావరికి పెద్ద వరద వచ్చింది. అప్పటికి నేను ఒక చానెల్లో చేరి ఎంతోకాలం కాలేదు. ఈ జిల్లా పిల్లని కాబట్టి నన్నే పంపించారు. నాటు పడవ మీద ఏటి మధ్యనున్న ఒక లంకకి వెళ్ళాం. అక్కడ ఒక పెద్దావిడ, డెబ్బై ఏళ్ళు ఉంటాయి, గుమ్మం ముందు మోకాలి లోతు నీళ్ళలో నిలబడి మాతో ఇరవై నిమిషాలు మాట్లాడారు. గోడ మీద ఒక గీత చూపించారు. "ఇది ఎనభై ఆరు వరద గీతండి. నీరు దీనికి బెత్తెడు కిందకొచ్చేసరికి మేం ఏటిగట్టు ఎక్కేస్తాం" అన్నారు. ముందు ఏం మోస్తారు, పశువుల్ని ఏ వేళకి ఏటిగట్టు మీదకి తోలతారు, పొయ్యి ఎక్కడ పెట్టుకుంటారు, అన్నీ వరసగా చెప్పారు. ఆ తర్వాత ఒక మాటన్నారు. నేను ఇవాళ్టికీ మర్చిపోలేదు. "నీరు గలగలమన్నంత సేపూ భయం లేదమ్మా. చప్పుడు ఆగిపోయిందంటే మాత్రం లేచిపోవాలి. పెద్ద నీరు చప్పుడు చెయ్యదు."

ఎంత మాటో చూడండి. ఎండుగడ్డికీ రాళ్ళకీ తగులుతూ పారే తక్కువ నీరు చప్పుడు చేస్తుంది. అవన్నీ మునిగాక నీరు నిశ్శబ్దంగా నడుస్తుంది. ఆవిడ చెవితో వరద మట్టం కొలుస్తున్నారు.

మేము తిరిగొచ్చి టేపు పెట్టి చూస్తే, గాలి. మొదటి నుంచి చివరిదాకా గాలే. కెమెరాకి ఉన్న మైకుతోనే రికార్డు చేశాం. ఆవిడ ఆరడుగుల దూరంలో ఉన్నారు, ఏటి గాలి బరబరా కొడుతోంది. నేను హెడ్‌ఫోన్ పెట్టుకోలేదు. ఇరవై నిమిషాల్లో శుభ్రంగా వినపడింది ఒక్క చోట. గాలి కాస్త ఆగినప్పుడు, తమ ఆవుదూడ కొట్టుకుపోయిందని ఆవిడ గట్టిగా ఏడ్చిన చోట. ఆ ముక్కే బులెటిన్‌లో వెళ్ళింది. అంత తెలివిగల మనిషి, వరదని చెవితో చదవగల మనిషి, రాష్ట్రం మొత్తానికి ఒక ఏడ్చే ముసలావిడగా తెలిశారు. అందులో వార్తలు దిద్దే డెస్కు తప్పు లేదు. వాళ్ళకి నేనిచ్చింది అదొక్కటే.

సౌండ్ సరిగ్గా లేకపోతే మనిషి అలా మారిపోతాడు. అందుకే ఇది సాంకేతిక విషయం అనుకుని ఎవరో సౌండ్ ఇంజినీరుకి వదిలేయకండి. ఎదుటి మనిషికి ఇచ్చే మర్యాద ఇది.

కాబట్టి కొంచెం పని మాట్లాడుకుందాం, నోట్సు రాసుకునేవాళ్ళు రాసుకోండి. మైకు నోటికి ఎంత దగ్గరుంటే అంత మంచిది. ఆరుబయట దూరం రెట్టింపైతే మాట సుమారు 6 డెసిబెళ్ళు పడిపోతుంది, చుట్టుపక్కల చప్పుడు మాత్రం పడదు. అంటే రెండడుగులు వెనక్కి జరిగితే మీరు ఆ మనిషిని వదిలి ఊరి గోలని రికార్డు చేస్తున్నట్టే. కాలర్ మైకు పెడితే గడ్డానికి జానెడు కింద పెట్టండి. ఆడవాళ్ళకి పెట్టేటప్పుడు వాళ్ళనే పెట్టుకోమనండి, ఎలా పెట్టుకోవాలో మీ చొక్కా మీద చూపించండి. నల్లపూసలు, గొలుసు మైకుకి తగులుతున్నాయేమో వినండి. గంజి పెట్టిన చీర, పట్టుచీర కదిలినప్పుడల్లా గరగరమంటాయి. వీడియోకి ఆడియో 48 కిలోహెర్ట్జ్‌లో రికార్డు చేయండి, రికార్డరు మీటరులో మాట మైనస్ 12 డెసిబెళ్ళ దగ్గర ఆడేట్టు చూసుకోండి. సున్నా దాటి పగిలిన మాటని మళ్ళీ పూర్తిగా అతికించలేరు.

మన ఊళ్ళలో ఉండే ఇబ్బందులు పుస్తకంలో ఉండవు. కొబ్బరాకుల మీద గాలి వీస్తే రికార్డింగులో అచ్చం వానలా వినిపిస్తుంది. వినేవాడు వాన పడుతోందనుకుంటాడు, మీ బొమ్మలో చూస్తే ఎండ. రొయ్యల చెరువు దగ్గర ఏరియేటర్ చక్రాలు తిరుగుతూనే ఉంటాయి. రైతుని ఆపమని అడక్కండి, రొయ్యలకి ఆక్సిజన్ అదే. ఆయన్ని గట్టు దిగి పాకకి అవతలి వైపు తీసుకెళ్ళి మాట్లాడించండి. చక్రాల చప్పుడు విడిగా ఒక నిమిషం రికార్డు చేసుకోండి, ఎడిటింగ్‌లో మీకు కావలసినంత కలుపుకోవచ్చు. ఇంట్లో ఇంటర్వ్యూ అయితే ఫ్యాను ఆపమని అడగాలి, ఫ్రిజ్ కూడా. ఫ్రిజ్ ఆపితే మీ బండి తాళం అందులో పెట్టండి. వెళ్ళేటప్పుడు తాళం కోసం తలుపు తీస్తారు, ఫ్రిజ్ మళ్ళీ వేయడం గుర్తొస్తుంది. లేకపోతే వాళ్ళ పాలు విరుగుతాయి, రెండోసారి మిమ్మల్ని రానివ్వరు. మాటలయ్యాక అందర్నీ కదలకుండా కూర్చోమని 30 సెకన్లు ఉత్త గదిని రికార్డు చేసుకోండి. రూమ్ టోన్ అంటాం. అది లేకుండా ఎడిట్ చేస్తే మాటల మధ్య గోతులు వినిపిస్తాయి.

కాలేజీలో స్టూడియో లేదని మీ హెచ్.ఓ.డి. గారు ఇందాక బాధపడ్డారు. సర్, నా మాట వినండి. ఒక చిన్న గది, దానికి కొబ్బరి పీచు. పీచు పరుపులు, పీచు చాపలు మన దగ్గర దొరికినంత సులువుగా ఇంకెక్కడ దొరుకుతాయి? కొబ్బరి పీచు శబ్దాన్ని బాగా పీల్చుకుంటుంది. గోడకి అంటించేయకుండా నాలుగు వేళ్ళ సందు వదిలి బిగిస్తే ఇంకా బాగా పీల్చుకుంటుంది. ఖరీదైన ఫోమ్ కోసం టెండరు పిలిచేదాకా ఆగక్కర్లేదు.

కెమెరా గురించి రెండు మాటలు. మన కరెంటు 50 హెర్ట్జ్. అందుకే సెకనుకి 25 ఫ్రేములు, షట్టర్ 50వ వంతు సెకను పెట్టుకోండి, ట్యూబులైటు కింద బొమ్మ మిణుకుమిణుకుమనదు. తోటలో మనిషిని నిలబెడితే ముఖం మీద చుక్కలు చుక్కలుగా ఎండ పడుతుంది, పూర్తి నీడలోకి తీసుకెళ్ళండి. ఏసీ కారులోంచి దింపిన కెమెరా మన ఉక్కకి అద్దం మీద మంచు పట్టేస్తుంది, పావుగంట ముందే బయట పెట్టండి. మిగతాది చేస్తుంటే వస్తుంది. ఫోనుతో మొదలుపెట్టండి.

ఇప్పుడు వినడంలో ఇంకో సంగతి, ప్రశ్న అడగడం. "ఇప్పుడు మీకెలా అనిపిస్తోందండీ?" ఈ ప్రశ్న మీ నోట రాకూడదని నా కోరిక. ఇల్లు మునిగినవాడికి ఎలా అనిపిస్తుంది? ఆ ప్రశ్నకి ఏడుపే జవాబు. "నీరు వస్తోందని మొదట ఎవరు చూశారండి? అప్పుడు టైమెంత? మీరు ముందు ఏం ఎత్తుకున్నారు?" అని అడగండి. మనిషి నిలదొక్కుకుని చెప్పడం మొదలుపెడతాడు. చెప్పడం అయిపోయిందని మీకనిపించాక ఇంకో ఐదు సెకన్లు ఊరుకోండి. తల ఊపండి చాలు, మధ్యలో "ఊఁ, ఊఁ" అనకండి, అది ట్రాకులో పడుతుంది. ఆ ఐదు సెకన్ల తర్వాత వచ్చే మాట కోసమే నేను ఇన్నేళ్ళు ఈ పని చేశాను.

భాష గురించి చెప్పకుండా ఉండలేను. పత్రికల్లో, రేడియోలో ప్రమాణ భాషగా స్థిరపడిన తెలుగు చాలావరకు కృష్ణా, గోదావరి జిల్లాల చదువుకున్నవాళ్ళ మాట నుంచి వచ్చింది. మద్రాసు రేడియో కేంద్రం 1938 జూన్ 16న మొదలైంది, విజయవాడ కేంద్రం 1948 డిసెంబరు 1న. మన నిడదవోలులో 1920లో పుట్టిన బాలాంత్రపు రజనీకాంతరావుగారు 1941లో మద్రాసు రేడియోలో చేరి, తర్వాత విజయవాడ కేంద్రాన్ని నడిపించారు. మనవాళ్ళు రేడియో తెలుగుకి చేసిన సేవ అంత ఉంది, గర్వపడండి. కానీ ఇదే నేల మీద చెట్టెక్కి కొబ్బరి దింపు తీసేవాడి మాట, కాయ ఒలిచేవాడి మాట, చేపల బుట్ట మోసే అమ్మ మాట మాత్రం ఆ ప్రమాణంలోకి రాలేదు. తెర మీద ఆ యాస వినపడితే జనం నవ్వడానికి సిద్ధమైపోతారు. "ఆయ్" అనగానే నవ్వు. మీ అమ్మమ్మ "ఆయ్" అంటే మీకు నవ్వు వస్తుందా? మర్యాదకి అనే మాట అది. ఎదుటివాడు చెప్పేది వింటున్నాను అని చెప్పడానికి అనే మాట. మీరు తీసే వార్తా కథనంలో ఆ మాట ఉన్నది ఉన్నట్టు ఉండనివ్వండి. యాసలో చెప్పిన బైట్‌ని వాయిస్ ఓవర్‌లో దిద్ది మళ్ళీ చెప్పకండి.

నాకు చిన్నతనంలోనే ఈ బాధ తెలిసింది. 1996 నవంబరు 6 రాత్రి తుపాను. మీలో ఎవరూ అప్పటికి పుట్టలేదు, ఇంట్లో అడగండి. తెల్లారేసరికి మా తోటలో నిలబడ్డ చెట్లు వేళ్ళమీద లెక్కపెట్టుకోవచ్చు. కరెంటు లేదు, ఫోన్లు లేవు. మా నాన్నగారి దగ్గర బ్యాటరీ రేడియో ఉండేది. బ్యాటరీలు అయిపోతాయని వార్తలప్పుడే పెట్టేవారు. పదిహేను మందిమి దాని చుట్టూ కూర్చునేవాళ్ళం, మా ఊరి పేరు చెబుతారేమోనని. కోనసీమ అన్నారు, కాకినాడ అన్నారు. మా ఊరి పేరు రాలేదు. పక్క లంకలో మా పెద్దమ్మ వాళ్ళు ఉన్నారో లేరో నాలుగో రోజు మనిషి వచ్చి చెప్పేదాకా తెలియలేదు.

ఇప్పుడు అందరి చేతిలో ఫోనుంది కదా, ఆ రోజులు పోయాయి అనొచ్చు. పోయాయా? 2022 జులై వరదప్పుడు వాట్సాప్‌లో ఎన్ని వీడియోలు తిరిగాయో మీరు చూశారు. ఏది ఆ రోజుది, ఏది పాత వరదది, ఏది అసలు మన గోదావరే కాదో చెప్పేవాళ్ళు కావాలి. ఆ చెప్పేవాళ్ళు మీరు కావాలి. దానికి అంకెలు తెలియాలి. ధవళేశ్వరం బ్యారేజీ దగ్గర 10 లక్షల క్యూసెక్కులకి మొదటి ప్రమాద హెచ్చరిక, 13 లక్షలకి రెండోది, 17 లక్షలకి మూడోది. భద్రాచలంలో 43, 48, 53 అడుగులు. క్యూసెక్కు అంటే సెకనుకి ఒక ఘనపుటడుగు, 28 లీటర్ల పైచిలుకు. అంటే మొదటి హెచ్చరిక నాడు సెకనుకి దగ్గర దగ్గర 2 కోట్ల 83 లక్షల లీటర్లు. 1986 ఆగస్టులో భద్రాచలం దగ్గర 75.6 అడుగులు వచ్చింది, 2022 జులైలో 71.3. ఇవి ప్రతి రిపోర్టరూ చదివే అంకెలే. మీరు ఇంకో మెట్టు దిగాలి. మీ ఊరి కాజ్‌వే ఏ అంకె దగ్గర మునుగుతుంది? మీ లంకకి పడవ ఏ అంకె దగ్గర ఆపేస్తారు? భద్రాచలంలో పెరిగిన నీరు మన దాకా రావడానికి గంటలు పడుతుంది, ఆ గంటల్లో మీ ఊరివాళ్ళకి పనికొచ్చేది ఈ లెక్కే. ఇది గూగుల్‌లో లేదు. ఊళ్ళో పెద్దవాళ్ళ దగ్గరుంది. మూడేళ్ళలో మీ బ్యాచి ఒక్కటీ కూర్చుని ఊరూరా ఈ పట్టిక తయారు చేస్తే, ఏ చానెల్ దగ్గరా లేని ఆస్తి మీ డిపార్టుమెంటు దగ్గర ఉంటుంది.

మీలో సగం మంది యాంకర్ అవుదామని వచ్చి ఉంటారు. తప్పేం లేదు. కానీ ఒక్కసారి పి.సి.ఆర్.లో, అంటే బులెటిన్‌ని నడిపించే కంట్రోల్ రూములో, కూర్చుని లైవ్ బులెటిన్ చూడండి. ప్రొడ్యూసర్ రన్‌డౌన్ (వార్తల వరస పట్టిక) పట్టుకుని, అందరి చెవిలో వినపడే టాక్‌బ్యాక్‌లో లెక్కపెడుతుంటారు. స్విచ్చర్ మీద ఒకరు, ఆడియో మీద ఒకరు, గ్రాఫిక్ ప్లేట్ల మీద ఒకరు, ప్రాంప్టర్ మీద ఒకరు. ఫోన్లో లైవ్ చెబుతున్న రిపోర్టరు లైను తెగిపోతే మూడు సెకన్లలో అందరూ కలిసి దారి మార్చాలి. ఇక్కడ కాలేజీలో ఆ కుర్చీలన్నిట్లోనూ వంతులవారీగా కూర్చోండి. ఇక్కడ బులెటిన్ చెడిపోతే మళ్ళీ చేసుకుంటారు. ఉద్యోగంలో ఆ అవకాశం ఉండదు.

చట్టం క్లాసు మానకండి. లైంగిక దాడికి గురైనవారి పేరు, గుర్తుపట్టే వివరం ఏదీ బయటపెట్టకూడదు, ఇప్పుడది భారతీయ న్యాయ సంహిత 72వ సెక్షను. పిల్లల విషయంలో 2012 పోక్సో చట్టం 23వ సెక్షను. ముఖం మసకబెట్టి వీధి పేరు, బడి పేరు చెప్పేస్తే మన ఊళ్ళలో ఎవరో ఇట్టే తెలిసిపోతుంది. పట్నంలో దాక్కోవచ్చేమో, మన దగ్గర గొంతు విన్నా గుర్తుపడతారు. గొంతు కూడా మార్చాలి. నేను వినిపించండి, వినిపించండి అని ఇంతసేపు చెప్పాను. వినిపించకూడని చోటు ఇది.

ఇంకొక ఆశ ఉంది నాకు, చుట్టుపక్కల ఊళ్ళకి వినపడే ఒక చిన్న రేడియో మీరు నడపాలని. 2002లో విద్యాసంస్థలకి, 2006లో స్వచ్ఛంద సంస్థలకి కమ్యూనిటీ రేడియో పెట్టుకునే అనుమతి వచ్చింది. మెదక్ ప్రాంతంలో మాచనూరులో దళిత మహిళలు 2008 అక్టోబరు 15 నుంచి సంఘం రేడియో నడుపుతున్నారు. విత్తనాల గురించి, వంటల గురించి, పాటలు, తమ మాటలోనే. సొంత వార్తా బులెటిన్లు ఇవ్వడానికి కమ్యూనిటీ రేడియోకి అనుమతి లేదు, అది నిజమే. కానీ పంట, ఆరోగ్యం, చదువు, మన పండగలు ఉన్నాయి కదా. ఏటిగట్టుకి ఈవల పది పన్నెండు కిలోమీటర్ల మేర మీ గొంతు వినపడితే అది చిన్న సంగతా?

చివరిగా ఇంకో ముక్క వినిపిస్తాను. ఈసారి కళ్ళు తెరిచే ఉండొచ్చు.

(రికార్డింగు వినిపించారు)

అవును, జగ్గన్నతోట. కనుమ నాడు ప్రభల తీర్థంలో, దేవుణ్ణి పెట్టి అలంకరించిన ఎత్తైన ప్రభని మోసుకుంటూ ఎగువ కౌశిక ఏరు దాటుతున్నప్పుడు. 2023 రిపబ్లిక్ డే నాడు ఢిల్లీలో మన రాష్ట్ర శకటం ప్రభల తీర్థమే, దేశమంతా చూసింది. కనుమ వచ్చిందంటే పైన డ్రోన్లు తిరుగుతాయి. రంగులు బ్రహ్మాండంగా వస్తాయి. కానీ ఇప్పుడు మీరు విన్నదేమిటి? "అశ్శరభ, శరభ" అన్న కేక, దాని కింద నీళ్ళలో అడుగులు పడే చప్పుడు, ఆ కిందే ప్రభని భుజాల మీద మోసేవాళ్ళ ఊపిరి. ఒకతను పక్కవాణ్ణి "మెల్లిగా రా" అంటాడు, మూడోసారి వింటే గానీ దొరకదు. ఇది రికార్డు చేసింది పోయిన ఏడాది నా దగ్గర నేర్చుకున్న అబ్బాయి. నడుము లోతు నీళ్ళలో, రికార్డరు నెత్తి మీద పెట్టుకుని. వాడి చేతిలో కెమెరా లేదు.

సరే, టైమైంది. హెడ్‌ఫోన్లు ఆరే తెచ్చాను, కాబట్టి ఇద్దరిద్దరు జతలుగా రండి, మొదటి విడతలో పన్నెండు మంది. బస్సు గేటు దగ్గర ఉంది, సఖినేటిపల్లి రేవుకి వెళ్తున్నాం. మైకుకి బొచ్చు తొడుగులు రెండే ఉన్నాయి, మిగతావాళ్ళు చేతిరుమాలు చుట్టుకోండి, గాలికి వీపు పెట్టి నిలబడండి. అక్కడ టిక్కెట్లిచ్చే ఆయనతో మాట్లాడి ఉంచాను. మాట్లాడించబోయే ముందు ప్రతి ఒక్కరి దగ్గరా అనుమతి అడగండి. మీ మొదటి ప్రశ్న ఏమిటో బస్సులో నాకు చెప్పాలి. రండి.